బ్లాక్ లేబుల్ అడిగితే వేరేది పోశారు, ఇదేమిటంటే అవమానించారు: వైజాగ్ వాళ్ళూ జాగ్రత్త

నిన్న రాత్రి జరిగింది ఇది. కోపం ఇంకా తగ్గలేదు, తగ్గకముందే రాసేస్తున్నాను. ఊరి మధ్యలో ఉన్న ఆ ఏసీ బార్ గురించే చెబుతున్నాను. శనివారం టేబుల్ దొరకాలంటే గంట ముందు ఫోన్ చేయాల్సిన బార్. పేరు రాయడం లేదు గానీ అక్కడికి వెళ్ళేవాళ్ళకి ఈపాటికే అర్థమై ఉంటుంది.

మేనల్లుడికి ఏయూలో సీటొచ్చింది, వాడిని హాస్టల్లో దింపడానికి మా బావగారు పార్వతీపురం నుంచి వచ్చారు, సాయంత్రం ఇద్దరం అక్కడికి వెళ్ళాం. నేపథ్యం అంతే.

నా అలవాటు ముందు చెప్పాలి, లేకపోతే మోసం ఎలా దొరికిందో అర్థం కాదు. ఈ ఊరి ఉక్కపోతకి వేసవంతా నాకు బీరే, అదీ లైట్ బీరు, స్ట్రాంగ్ తాగితే తల బరువెక్కిపోతుంది. కాక్‌టెయిల్స్ జోలికి పోను. విస్కీ ఎప్పుడో ఒకసారి, తాగితే మాత్రం జానీ వాకర్ వాళ్ళ బ్లాక్ లేబుల్ స్కాచ్. పెద్ద బ్రాండ్ అనో, టేబుల్ మీద సీసా బాగుంటుందనో కాదు. అందులో ఉండే పొగ వాసన కోసం. బార్లీ మొలకల్ని పీట్ (బురద నేలల్లో తవ్వి, ఎండబెట్టి మండించే మట్టి) పొగ మీద ఆరబెట్టి చేసే విస్కీలు అందులో కొన్ని కలుస్తాయి, స్కాట్లాండ్‌లోని ఐలా దీవి నుంచి వచ్చేవి అలాంటివే. కలిపే ప్రతి విస్కీకీ కనీసం 12 ఏళ్ళు నిండి ఉండాలి, ఆ అంకె సీసా మీదే ఉంటుంది. మన దగ్గర చౌకగా దొరికే విస్కీల్లో చాలా వాటికి మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచి తీసిన స్పిరిటే ఆధారం, రంగు కోసం కారమెల్ వేస్తారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండొచ్చు, కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే దాగవు. అందుకే మొదటి గుక్క నేను ఎప్పుడూ ఏమీ కలపకుండా తాగుతాను, తర్వాతే చల్లవి కాని మామూలు నీళ్ళు కొంచెం.

మొదటి రౌండు ఐస్, సోడా కలిపేసి తెచ్చారు. మేము అడగలేదు. వెనక్కి పంపి, రెండు లార్జ్‌లు విడిగా తెమ్మన్నాను. గ్లాసులు తెచ్చారు, సీసా తేలేదు, పెగ్గు కొలిచే గిన్నె కూడా కంటికి కనబడలేదు. వాసన చూశాను. పొగ లేదు. గుక్క వేశాను. గొంతు మంట, వెనకాలే ఎసెన్స్ తీపి, అంతే. బావగారు కూడా తాగి, ఇది మా ఊళ్ళో క్వార్టర్ సరుకులా ఉందిరా అన్నారు.

వెయిటర్ కుర్రాడిని సీసా తీసుకురమ్మంటే వాడి ముఖం మారిపోయింది. పాపం వాడి మీద నాకు కోపం లేదు. చాలాసేపటికి సీసా వచ్చింది. పలకల సీసా, ఏటవాలు లేబుల్, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ మూతి దగ్గర ఉండాల్సిన ప్లాస్టిక్ అడ్డు లేదు. లోపల చిన్న గోళీ ఉంటుంది చూడండి, మందు బయటికి రావడమే గానీ లోపలికి ఏదీ పోయడానికి వీల్లేకుండా పెడతారు, అది పీకేసి ఉంది. మెడ మీద ఎక్సైజ్ స్టిక్కర్ సగం చిరిగిపోయి ఉంది, స్కాన్ చేద్దామన్నా కోడ్ మిగల్లేదు. ఫోన్ తీసి ఫోటో కొట్టాను.

అప్పుడు వచ్చాడు మేనేజర్. ఫోటో ఎందుకు తీశారు అన్నది అతని మొదటి మాట. మందు గురించి కాదు, ఫోటో గురించి. నేను నెమ్మదిగానే చెప్పాను, ఇది బ్లాక్ లేబుల్ కాదండీ, సీలున్న సీసా మా ముందు తెరిచి పోయండి, డబ్బులిస్తాం అని. అతను మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, చుట్టుపక్కల టేబుళ్ళ వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు: "తొంభై తొమ్మిది రూపాయల క్వార్టర్‌కి అలవాటు పడ్డ నాలుకకి ఇది పట్టదు సార్. బిల్లు కట్టి వెళ్ళండి."

మా బావగారు తలొంచుకున్నారు. వయసులో నాకన్నా చాలా పెద్దాయన, నన్నెప్పుడూ ఒక్క మాట అనని మనిషి. "వదిలేయరా, పద పోదాం" అన్నారు. నాకు డబ్బు పోయిన బాధ కన్నా ఆయన అలా తలొంచుకోవడమే ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటోంది.

ఆ మాటలో ఎంత పొగరుందో చూడండి. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తిరిగి వచ్చినప్పుడు 99 రూపాయల క్వార్టర్ తెచ్చారు. పోర్టులో బరువులు మోసేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు తమ కష్టం డబ్బుతో కొనుక్కుంటారు. కనీసం వాళ్ళకి సీసా మీద ఏం రాసి ఉందో అదే దొరకాలి కదా. అంతకు ముందు ఐదేళ్ళు ప్రభుత్వ షాపుల్లో తెలిసిన బ్రాండ్ కోసం ఎంత వెతుక్కున్నామో ఈ ఊళ్ళో అందరికీ గుర్తే. ఇప్పుడు బ్రాండ్లు వచ్చాయి, సీసాలో మాత్రం వేరే సరుకు. నాలుగు లార్జ్‌లకు బిల్లు మూడు వేల పైనే వేశారు, వెనక్కి పంపిన సోడా గ్లాసులతో సహా. గొడవ పెద్దదైతే బావగారు ఇంకా ఇబ్బంది పడతారని కట్టేసి బయటికి వచ్చాను.

ఇది డబ్బుతో పోయే విషయం కూడా కాదు. 2025 అక్టోబరులో ములకలచెరువులో కల్తీ మద్యం తయారీ బయటపడిన సంగతి అందరూ చదివారు. తిరిగి నింపిన సీసాలో ఏముందో పోసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. చౌక విస్కీ అయితే తలనొప్పితో పోతుంది, మిథనాల్ కలిసిందైతే కళ్ళు పోతాయి, ప్రాణం కూడా పోతుంది. తాగాక చూపు మసకబారినా, కడుపులో తిప్పినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తండి.

కాక్‌టెయిల్స్ తాగేవాళ్ళు మరీ జాగ్రత్త. లాంగ్ ఐలండ్ ఐస్డ్ టీలో వోడ్కా, జిన్, రమ్, టెకీలా, ట్రిపుల్ సెక్, పైన కోలా. అన్ని కలిశాక ఏది అసలుదో ఏది కాదో ఏ నాలుకా చెప్పలేదు. బీరు తాగేవాళ్ళు మూత మీ ముందే తీయించుకోండి, తయారీ తేదీ చూడండి. విస్కీ అయితే సీసా టేబుల్ దగ్గరికి తెప్పించి, కొలిచి పోయమనండి. 30 ఎం.ఎల్. స్మాల్, 60 లార్జ్, కళ్ళ ముందు కొలవాల్సిందే. సోడా, ఐస్ విడిగా అడగండి. స్టిక్కర్ బాగుంటే ఎక్సైజ్ సురక్ష యాప్‌తో స్కాన్ చేయండి. ఒప్పుకోకపోతే అక్కడ తాగకండి.

నేను రేపు ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తున్నాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెబుతాను. సీసా ఫోటో ఉంది, బ్రాండ్ పేరు స్పష్టంగా కనబడే బిల్లు ఉంది. అదే బార్‌లో మీకూ ఇలాగే జరిగి ఉంటే బిల్లు పారేయకండి, నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.