కేకే లైన్ పడకముందు గోస్తని లోయ: పాత టోపో మ్యాప్, దాని ప్రింటు

మా నాన్నగారు కేకే రైల్వే లైన్‌లో కీమ్యాన్‌గా, అంటే పట్టాలు చూసుకునే ఉద్యోగిగా చేసి రిటైరయ్యారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ లైను పడకముందు కొండలు ఎలా ఉండేవో ఆయనకి చూపించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటుంటే, టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో పాత మ్యాపులు దొరికాయి. 1950లలో అమెరికా సైన్యం వాళ్లు మన దేశానికి వేసిన యు502 సిరీస్, స్కేలు 1:2,50,000. డౌన్‌లోడ్ ఉచితం.

విశాఖలోనే ఒక ప్రింటింగ్ షాపులో ఇచ్చాను. మొదటి ప్రింటు పాడుచేశారు. రంగులు బాగానే వచ్చాయి కానీ ఇంటికొచ్చి స్కేలు గీత మీద రూలర్ పెడితే పది కిలోమీటర్లకి 4 సెంటీమీటర్లు రావాల్సింది మూడున్నరే వచ్చింది, అంటే కాగితంలో పట్టాలని కుదించేశారన్నమాట. దూరాలు కొలవడానికి పనికిరాకపోతే ఇక మ్యాపెందుకు? వెనక్కి తీసుకెళ్తే వాదించకుండా మళ్లీ వేశారు, సగం డబ్బులు మాత్రం తీసుకున్నారు, అది నాకు నచ్చలేదు. సైజు మార్చొద్దని ముందే గట్టిగా చెప్పండి. మ్యాట్ పేపరే అడగండి, గ్లాసీ మీద ట్యూబ్‌లైట్ పడితే గోధుమరంగు కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపేవి) కనపడవు.

మ్యాపు మాత్రం ఎంత చూసినా తనివి తీరదు. అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తని దారి పట్టుకుని వేలితో వెళ్లిపోవచ్చు. తాటిపూడి రిజర్వాయరు 1960లలో కట్టింది కదా, ఇందులో లేదు, అక్కడ ఏరు ఏరులాగే ఉంది. రైలంటే వాల్తేరు, విజయనగరం మీదుగా వెళ్లే పాత మెయిన్ లైనే. ఎస్.కోట వైపు నుంచి కొండల్లోకి పట్టాలే లేవు!

నాన్నగారు పెన్సిల్ తెమ్మన్నారు. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా అని పైకి చెప్తూ అంచనాగా చుక్కలు పెట్టుకుంటూ పోయారు. కాంటూర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న చోట, అంటే కొండ నిటారుగా ఉన్న చోట ఆగి, "ఇక్కడంతా సొరంగాలేరా" అన్నారు. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని పోర్టుకి దించాలంటే లైను అన్ని మెలికలు ఎందుకు తిరగాల్సి వచ్చిందో ఆ గీతలు చూశాకే నాకు తెలిసింది.

సెంటీమీటరంటే ఇందులో రెండున్నర కిలోమీటర్లు, కాబట్టి మీ ఊరి చెరువు కోసం వెతక్కండి. దానికి సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లే మేలు. షాపువాళ్లు ల్యామినేషన్ చేయమంటారా అని అడుగుతారు, వద్దనండి, పెన్సిల్ పట్టదు.