ఇంట్లో కమర్షియల్ టైల్ వేయించి రెండేళ్ళయింది: టైల్ సూపర్, వేయించేటప్పుడు మాత్రం పట్టపగలే చుక్కలు కనిపించాయి

షోరూములకి, ఆఫీసు కారిడార్లకి వేస్తారే ఆ ఫుల్ బాడీ విట్రిఫైడ్ టైల్, అది మా హాలుకీ వంటగదికీ వెనక వరండాకీ వేయించి రెండేళ్ళు దాటింది. వేయించిన వారంలోనే రివ్యూ రాస్తే ఏం లాభం, కొత్తలో ఏ టైలైనా మెరుస్తుంది కదా అని ఇన్నాళ్ళు ఆగా.

పాతది గ్లేజ్డ్ టైల్, అంటే పైన గాజులాంటి పూత ఉండేది. డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలు లాగీ లాగీ పైన డిజైన్ అరిగిపోయి కింద తెల్లగా బయటపడింది, ఎంత తుడిచినా మురికిగానే ఉండేది. ఫుల్ బాడీలో ఆ గొడవ లేదు, పైనుంచి అడుగుదాకా ఒకటే రంగు, అంచు పెచ్చు ఊడినా లోపల కూడా అదే రంగు కాబట్టి వెంటనే కంటికి ఆనదు. షాపులో డబుల్ చార్జ్ అనే రకం టైల్‌ని కూడా "అదే సార్ ఇది" అని అంటగట్టబోయారు, అందులో పై పొర ఒక 3, 4 మిల్లీమీటర్లే రంగు. నోటిమాట నమ్మకుండా టైల్‌ని పక్కకి తిప్పి అంచు చూడండి, తెలిసిపోతుంది.

ఇంకోటి, "పీఈఐ 5 సార్, కళ్ళు మూసుకుని వేసేయండి" అంటారు. పీఈఐ అంటే పై పూత అరుగుదలని ఎంత తట్టుకుంటుందో చెప్పే నంబరు, అది గ్లేజు ఉన్న టైల్స్‌కే. గ్లేజు లేనివాటికి వేరే అరుగుదల టెస్టు ఉంటుంది, విట్రిఫైడ్ అయితే అందులో 175 ఘనపు మిల్లీమీటర్లు మించి అరగకూడదు. పైగా ఇవేవీ జారుతుందో లేదో చెప్పవు! నేను హాల్లో వేసిన పాలిష్ టైలే వరండాకీ వేద్దామనుకున్నా, ఆఖరి నిమిషంలో శాంపిల్ ముక్క మీద నీళ్ళు పోసి కాలు పెట్టి చూస్తే సర్రున జారింది, దెబ్బకి ఆర్11 (జారకుండా పట్టు ఎంతో చెప్పే గ్రేడు) మ్యాట్‌కి, అంటే మెరుపు లేని గరుకు టైల్‌కి మారిపోయా.

ఇక అసలు కథ వేయించడం. ఈ టైల్ నీళ్ళు దాదాపు పీల్చదు, 0.5 శాతం లోపే, మరకలు పట్టకపోవడానికి కారణం అదే, మామూలు సిమెంటు సరిగ్గా పట్టుకోకపోవడానికి కారణమూ అదే. మేస్త్రికి ముందే చెప్పా టైల్ గమ్ వాడాలని. "ఎన్నేళ్ళ నుంచి వేస్తున్నాం సార్, సిమెంట్ పాలు పోస్తే చాలు" అన్నాడు, నేనూ మొహమాటానికి పోయి ఊరుకున్నా. నాలుగో రోజు సుత్తి పిడితో తట్టుకుంటూ పోతే మూడింటికొకటి డొల్ల సౌండ్. మొత్తం పీకించా, పీకేటప్పుడు చూస్తే కొన్ని టైల్స్ వెనక సిమెంటు మరక కూడా లేదు, అద్దంలా శుభ్రంగా వచ్చేశాయి.

రెండోసారి సీ2 గ్రేడ్ గమ్, అంటే మామూలు దానికన్నా గట్టిగా పట్టేది, తెప్పించా. పళ్ళ తాపీతో నేల మీద ఒకే దిక్కుగా గీతలు, టైల్ వెనక కూడా పల్చగా ఒక పూత, టైల్స్ ఎత్తు సమంగా ఉండేలా లెవెలింగ్ క్లిప్పులు, మధ్యలో సందు కోసం 3 మిల్లీమీటర్ల స్పేసర్లు. మధ్యమధ్యలో ఒక టైల్ లేపి చూపించమనేవాణ్ణి, వెనక నిండా గమ్ అంటిందా లేదా అని, మేస్త్రికి చిరాకే కానీ తప్పదు. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే మాత్రం ఒప్పుకోకండి, ఖాళీ ఉన్నచోట బరువైనదేదైనా పడితే ఎంత గట్టి టైలైనా పగులుతుంది. నేల కూడా ముందే మట్టం చేయించాలి, 3 మీటర్ల పట్టీ పెట్టి చూస్తే ఎక్కడా 3 మిల్లీమీటర్లకి మించి ఎత్తుపల్లాలు ఉండకూడదు. గోడల వెంబడి కాస్త సందు వదిలించా, స్కర్టింగ్ కింద కనపడదు.

పాత బండల మీదే వేద్దామనుకునేవాళ్ళు బరువు సంగతి చూసుకోండి, 10 మిల్లీమీటర్ల టైలే చదరపు మీటరుకి 23 కిలోల పైన ఉంటుంది, గమ్ బరువు అదనం, పై అంతస్తు అయితే ఇంజనీరుని అడిగాకే. నేల ఎత్తు పెరిగి తలుపులు కూడా రాసుకుంటాయి, మాకు రెండు తలుపులు కింద కోయించాల్సొచ్చింది.

రెండేళ్ళలో హాల్లో కంటికి కనిపించే గీత ఒక్కటే, అదీ ఫ్రిజ్ కింద ఇసుక రేణువు పెట్టుకుని జరిపిన మా పుణ్యమే. వరండా మ్యాట్ మాత్రం మురికి పట్టుకుంటుంది, మాప్ సరిపోదు, బ్రష్ వేయాల్సిందే. గాజు గ్లాసు చేయి జారిందా, ఇక ఆశ వదులుకోవడమే.

నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోశానంటే ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ మధ్య సందులు నింపే జిగురు పదార్థం) వేసిన రోజు వెంటనే తుడవకుండా భోజనానికి వెళ్ళిపోయారు, వంటగదిలో ఆ పొగమంచు లాంటి మరక ఇప్పటికీ పక్కనుంచి వెలుతురు పడితే కనిపిస్తుంది, అది టైల్ తప్పు కాదని తెలుసు కానీ రోజూ చూసేది నేనే కదా. బెడ్‌రూముల్లో మాత్రం వేయించలేదు, వేయించను కూడా, అక్కడ అంత గట్టి నేల దేనికి. అదే బ్యాచ్ టైల్స్ రెండు పెట్టెలు మిగిలితే మంచం కింద దాచా.