అప్పీళ్లూ ట్రయళ్లూ రెండూ చేసిన డిఫెన్స్ లాయర్: చాలాకాలం పని చేయించుకున్నాక

అమెరికాలో డిఫెన్స్ లాయర్ల ప్రొఫైళ్లలో "అప్పీళ్లు, లిటిగేషన్ డిఫెన్స్" అని జంటగా కనిపిస్తుంటుంది. కేసు ఓడాక బ్రీఫ్ (పై కోర్టుకిచ్చే రాతపూర్వక వాదన) రాయించుకోవడానికే ఆ మొదటి మాట పనికొస్తుందని క్లయింట్లలో చాలామంది నమ్మకం. కంపెనీ తరఫున లాయర్లను పెట్టి, వాళ్ల బిల్లులు పాస్ చేసే మా లాంటి వాళ్లకు మాత్రం దాని విలువ ట్రయల్ కోర్టులోనే, అదీ గడువుల దగ్గరే తెలిసింది.

ఒక ఫెడరల్ సివిల్ కేసులో జ్యూరీ మాకు వ్యతిరేకంగా తేల్చింది. జడ్జిమెంట్ ఎంట్రీ అయ్యాక, అంటే తీర్పు కోర్టు రికార్డులోకి ఎక్కాక, మా ట్రయల్ లాయరూ వాది లాయరూ మాట్లాడుకుని, తదుపరి మోషన్లకు (కోర్టుకు పెట్టుకునే అభ్యర్థనలకు) 45 రోజులు కావాలని ఉమ్మడిగా అడిగారు. జడ్జిగారు సంతకం పెట్టేశారు. ఇరుపక్షాలూ సరే అన్నాయి, కోర్టూ సరే అంది, ఇంకేం కావాలి? మేం పెట్టుకున్న అప్పీళ్ల లాయర్ (ఈ రాతంతా ఆవిడ గురించే) ఆ ఆర్డర్ చూడగానే, అది లేనట్టే లెక్కేసుకోండి అన్నారు. సివిల్ ప్రొసీజర్‌లో, సాక్ష్యం చాలదు కాబట్టి జ్యూరీ తీర్పును పక్కనపెట్టమనే రూల్ 50(బి), కొత్త ట్రయల్ కోరే రూల్ 59 మోషన్లకు జడ్జిమెంట్ ఎంట్రీ నుంచి 28 రోజులే గడువు. దాన్ని కోర్టు పొడిగించకూడదని రూల్ 6(బి)(2) సూటిగా చెబుతుంది.

అసలు గొయ్యి దాని వెనకాల ఉంది. మామూలు సివిల్ కేసులో అప్పీలుకు వెళ్తున్నామని చెప్పే నోటీస్ ఆఫ్ అప్పీల్‌కు 30 రోజులు. మోషన్ 28 రోజుల్లోపు పడితే, అది తేలిన రోజు నుంచి ఆ 30 కొత్తగా మొదలవుతాయి. జడ్జి ఇచ్చిన పొడిగింపును పట్టుకుని 40వ రోజున వేస్తే ఆ లెక్క ఆగదు, 30 రోజులు ఎప్పుడో గడిచిపోయి ఉంటాయి. ఆ తర్వాత ఆలస్యానికి కారణం చూపించి గడువు ఇమ్మని బతిమాలుకోవాలి. ఇస్తారన్న భరోసా లేదు. ఇదంతా చాదస్తం అనిపిస్తే 2007 నాటి బౌల్స్ వర్సెస్ రసెల్ తీర్పు చూడండి. అప్పీలు వేయడానికి 14 రోజులే ఇవ్వొచ్చని రూల్ ఉన్న చోట జిల్లా జడ్జి 17 రోజులిచ్చారు. ఆ 17 లోపే వేసిన అప్పీలు చెల్లదని సుప్రీంకోర్టు 5-4తో తేల్చేసింది. జడ్జి రాసిన తేదీనే నమ్మామన్న మాట అక్కడ అక్కరకు రాలేదు. మా మోషన్లు మాత్రం 28 లోపే దాఖలయ్యాయి, సంతకమైన ఆర్డర్ ఫైల్లో పడి ఉంది.

ట్రయల్ నడుస్తుండగా చేసే పని దీనికంటే చిన్నగా కనిపిస్తుంది, కానీ అంతే ముఖ్యం. వాది సాక్ష్యం ముగియగానే, కేసు జ్యూరీ దాకా వెళ్లకుండా తేల్చమని రూల్ 50(ఎ) కింద మోషన్ వేయాలి. "సాక్ష్యం చాలదు" అని ఒక్క ముక్క అనేసి కూర్చుంటే, తర్వాత 50(బి)లో కొత్త పాయింట్లు ఎత్తడానికి వీలుండదు, ఇక్కడ చెప్పినవే అక్కడ చెప్పాలి. ఆవిడ ముందే రెండు పేజీల కాగితం సిద్ధం చేసి ఇచ్చేవారు: నిర్లక్ష్యం, కారణం, నష్టం, ఒక్కో అంశం కింద ఏం లోపించిందో ఒక్కో వాక్యం. జ్యూరీ సూచనల (చట్టం గురించి జడ్జి జ్యూరీకి చెప్పే మాటల) చర్చ జడ్జి ఛాంబర్లో జరిగితే, ప్రతి మాటా రికార్డు చేసే కోర్టు రిపోర్టర్ ఉన్నారా లేదా అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న. లేకపోతే బయటికొచ్చాక అభ్యంతరాన్నీ కారణాన్నీ రికార్డులో మళ్లీ చెప్పించేవారు. సాక్ష్యం మీద ట్రయల్‌కు ముందే జడ్జి ఏదైనా అంటే, అది తుది నిర్ణయమేనా అని అక్కడికక్కడే అడిగి రికార్డు చేయించుకునేవారు. తుది నిర్ణయమైతే ఎవిడెన్స్ రూల్ 103 ప్రకారం అభ్యంతరం మళ్లీ చెప్పక్కర్లేదు. "అప్పుడు చూద్దాం" అంటే మాత్రం సమయం వచ్చినప్పుడు లేచి నిలబడాల్సిందే.

ఇక ప్రొఫైల్ సంగతి. సుప్రీంకోర్టు బార్‌లో సభ్యత్వం చూసి మురిసిపోవద్దు. ఏదో ఒక రాష్ట్రంలో మూడేళ్ల ప్రాక్టీసు, మచ్చలేని రికార్డు, ఇద్దరు హామీదారులు, 200 డాలర్ల ఫీజు ఉంటే అది వస్తుంది. అక్కడ వాదించినట్టు కాదు. టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి చోట్ల అప్పీళ్లలో ఇచ్చే స్పెషలిస్ట్ సర్టిఫికేషన్‌కు పరీక్ష, అనుభవం, తోటివాళ్ల అభిప్రాయం అన్నీ కావాలి కాబట్టి దానికి బరువుంది. అప్పీళ్ల జడ్జి దగ్గర క్లర్క్‌షిప్ (జడ్జికి సహాయకులుగా పని) చేసినవాళ్లకు ఏ వాదన ఏ పేజీలో నీరుగారిపోతుందో తెలిసి ఉంటుంది. గెలిచిన అప్పీళ్ల అంకె కనిపిస్తే, వాటిలో తన క్లయింటు కింది కోర్టులో ఓడి పైకి వెళ్లినవెన్నో అడగండి. కింద గెలిచిన తీర్పును కాపాడుకోవడం ఎప్పుడూ కాస్త సులువే. పేసర్‌లో (ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ రికార్డుల్లో) బ్రీఫులు తెరిచి చదివితే ఇంకా మంచిది, పేజీకి 10 సెంట్లు, ఒక్కో డాక్యుమెంటుకు గరిష్ఠంగా 3 డాలర్లు.

పైన అంత మెచ్చుకున్నాను గానీ, బిల్లు చూసిన రోజు ఉత్సాహం కొంచెం తగ్గుతుంది. ట్రాన్‌స్క్రిప్ట్ (ట్రయల్లో అన్న ప్రతి మాటా రాసిన కాగితాలు) మొత్తం చదవందే ఆవిడ కలం కదపరు, ఆ గంటలన్నీ మన ఖాతాలోకే. ప్రతి పాయింటునూ భద్రం చేయాలన్న పట్టుదలతో అభ్యంతరాలు ఎక్కువైతే జ్యూరీ ముఖాలు మాడిపోతాయి. ఎక్కడ ఊరుకోవాలో ట్రయల్ లాయర్‌కే బాగా తెలుసు. లిటిగేషన్ అని ప్రొఫైల్లో ఉన్నా, సాక్షిని క్రాస్ చేయడంలో గానీ సెటిల్‌మెంట్ బేరంలో గానీ ఆవిడ మీద ఆధారపడను. అప్పీలులో నిలుస్తుందన్న నమ్మకంతో సెటిల్‌మెంట్ ఆఫర్‌ను తేలిగ్గా తీసుకునే ధోరణి కూడా ఒకటుంది.

మావి ఎక్కువగా ఫెడరల్ కోర్టులో నడిచే పెద్ద మొత్తాల కేసులు కాబట్టి ఖర్చు గిట్టుబాటైంది. రాష్ట్ర కోర్టుల్లో గడువులు వేరు, ఈ అంకెలు అక్కడికి అరువు తెచ్చుకోకండి. కేసు చిన్నదైతే ట్రయల్ అంతా కూర్చోబెట్టనక్కర్లేదు. 50(ఎ) కాగితం, జ్యూరీ సూచనల చర్చ, జడ్జిమెంట్ ఎంట్రీ అయ్యాక తేదీల లెక్క, ఈ మూడింటికీ గంటల లెక్కన పెట్టుకునేందుకు ఒప్పుకునే లాయర్లు ఉన్నారు.