పాత పంచెలు, నూలు చీరలతో బిడ్డ గుడ్డలు: ఇద్దరు పిల్లలకు వాడాక

కొనకుండా ఇంట్లోనే చేసుకున్న బిడ్డ సామానంతా ఎండల్లోనూ వానాకాలంలోనూ వాడి చూశాక తేలిన మాట ముందే చెప్పేస్తాను. లంగోటీలకు, పొత్తిగుడ్డలకు పాత నూలుబట్టను మించింది లేదు. బొంతలు బాగుంటాయి కానీ చాలామంది మందంగా కుట్టి చెడగొడతారు. జుబ్బాలు ఫర్వాలేదు. చేతి తొడుగులు, ఆవాల దిండు వద్దు. రబ్బరు షీటు మాత్రం కొనాల్సిందే. దానికి బదులు ఫ్లెక్సీ ముక్కలు, పాత టేబుల్ కవర్లు పరిస్తే కింద చెమట పట్టి బిడ్డ వీపు పేలుతుంది, పైగా అవి జరిగి ముఖం మీదికి వచ్చే ప్రమాదం ఉంది.

బట్ట ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. లంగోటీలకు అన్నిటికంటే మంచిది మగవాళ్ళు కట్టి విడిచిన నాలుగు గజాల తెల్ల నూలు పంచె. చీరలైతే ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీరలు. అసలు నూలో కాదో తెలియకపోతే ఒక చుక్క నీళ్ళు వేసి చూడండి. వెంటనే ఇంకితే పనికొస్తుంది, పూసలా నిలబడితే పాలిస్టరు కలిసి ఉండొచ్చు. ఇంకా అనుమానముంటే అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చండి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది. గంజి పెట్టిన పంచెను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి రెండుసార్లు ఉతికితే గానీ తడి పీల్చదు. తర్వాత వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడాలి. జల్లెడలా కనిపించే చోట్లు కోసి పారేయండి, అవి రెండో ఉతుకుకే చిరుగుతాయి. చీరలో కుచ్చిళ్ళ కింద నేలకు రాసుకునే అంచు, నడుము దగ్గర దోపుకునే భాగం ముందుగా నలుగుతాయి. జరీ ఉన్న కొంగు, అంచు బిడ్డ ఒంటికి తగలకూడదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన బట్టలు, అవి ఎంత మెత్తగా ఉన్నా, పసిబిడ్డకు వాడొద్దు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ చర్మం గుండా, ఊపిరి గుండా లోపలికి వెళుతుంది. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో దానివల్ల ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు ప్రమాదకరంగా పెరుగుతాయి. ఆ లోపం ఉందని పుట్టగానే పైకి తెలియదు. పురుడు వెళ్ళేదాకా కొత్తబట్ట వేయకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్ళలో అటక మీది పెట్టెలే తెరుస్తారు కాబట్టి ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే చెప్పి పెట్టుకోవాలి. ఒకసారి ఉతికాం కదా, ఎండలో వేశాం కదా అనుకోవడానికి లేదు. వాసన ఉంటే ఆ బట్ట నేల తుడవడానికే.

ఇక లెక్క. బిడ్డ రోజుకు పది పన్నెండు లంగోటీలు తడుపుతుంది. ముసురు పట్టినప్పుడు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. అందుకని 36కి తగ్గకుండా ఉండాలి, 40 ఉంటే నిశ్చింత. నాలుగు గజాల పంచెలో 60 సెంటీమీటర్ల చదరాలు 12 వస్తాయి, పంచెల జతకు 24. అయిదున్నర మీటర్ల చీరను 57 సెంటీమీటర్ల చొప్పున తీస్తే 18. అంటే ఒక పంచెల జత, ఒక చీర చాలు. కత్తెరతో అంచు దగ్గర చిన్న గంటు పెట్టి చేత్తో చింపితే పోగు వెంట తిన్నగా చిరుగుతుంది, కత్తెరతో కోస్తే వంకర పోతుంది.

చింపి వదిలేయడం దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. అంచు నుంచి ఊడిన పోగు బిడ్డ కాలివేలికి చుట్టుకుంటే వేలు వాచి, రక్తం ఆడక నల్లబడుతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో గంటసేపు ఎవరికీ అంతు పట్టదు. నాలుగు వైపులా అర సెంటీమీటరు చొప్పున రెండు మడతలు మడిచి మిషను కుట్టు వేయాలి. మిషను లేకపోతే టైలరు దగ్గర ఒక పూట పని. చేతి తొడుగులు వద్దన్నదీ ఇందుకే, లోపలి కుట్టు దారాలు వేళ్ళకు చుట్టుకుంటాయి. గోళ్ళు కత్తిరిస్తే సరిపోయేదానికి తొడుగులెందుకు?

కట్టే పద్ధతి: చదరాన్ని మూలకు మూల మడిస్తే ముక్కోణం వస్తుంది. పొడుగు వైపు నడుము కింద పరిచి, కింది మూలను కాళ్ళ మధ్య నుంచి పైకి తెచ్చి, పక్క మూలలు రెండూ దాని మీద ఒక పక్కకు ముడి వేయాలి. పిన్నీసు అక్కర్లేదు. బొడ్డు ఊడేదాకా ముడి బొడ్డు కిందే ఉండాలి, తడి దానికి తగలకూడదు. మగపిల్లలకు ముందు వైపు, ఆడపిల్లలకు మధ్యలో ఇంకో మడత గుడ్డ పెడితే పక్క తక్కువ తడుస్తుంది. రాత్రిపూట మాత్రం పట్టుదలకు పోకుండా కొన్న డైపర్ వేయమంటాను. తల్లికి వరసగా మూడు గంటల నిద్ర దొరకడం పొదుపు కంటే ఎక్కువ.

పొత్తిగుడ్డకు మీటరు పైన చదరం కావాలి. ఒక చీరలో అయిదు వస్తాయి. చేతుల దగ్గర కాస్త బిగువుగా, తుంటి దగ్గర వదులుగా చుట్టాలి. కాళ్ళు తిన్నగా లాగి బిగించి కట్టడం మన పెద్దవాళ్ళకు అలవాటే కానీ, దానివల్ల తుంటి కీలు గిన్నెలోంచి తప్పే ప్రమాదం ఉంది. కప్పలా మోకాళ్ళు ముడుచుకోగలిగితే చుట్టడం సరిగ్గా ఉన్నట్టు. బిడ్డ బోర్లా పడే ప్రయత్నం మొదలెట్టగానే చుట్టడం మానేయాలి.

బొంతకు 75 × 100 సెంటీమీటర్ల కొలత, మూడు పొరలు, నాలుగు సెంటీమీటర్ల ఎడంలో దూర కుట్టు వరసలు. అంతే. ఆరేడు పొరలు వేస్తే పై పొర ఆరినా లోపల తడి ఉండిపోయి ముక్కవాసన వస్తుంది. అలాంటిదాన్ని ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన వదలదు. మధ్య పొరలో పాడయిన పాలిస్టరు చీర పెట్టి మందం తెచ్చుకోవడం ఇంకో అలవాటు. తడి అక్కడే ఆగిపోయి పై పొర చిత్తడిగా ఉంటుంది. దారం కూడా నూలుదే వాడాలి, గట్టి పాలిస్టరు దారం పాత బట్టను కోసేస్తుంది. కుట్టడం మొదలెట్టేముందు ఎన్ని సూదులు తీశారో, అయ్యాక అన్నీ లెక్కకు వచ్చాయో చూసుకోండి. మూడు పొరల బొంతలు ఆరు ఉంటే చాలు.

జుబ్బా ముందు తెరిచి ఉండేది కుట్టాలి. పొడవు 30 సెంటీమీటర్లు, పరిచి కొలిస్తే వెడల్పు 24, గుండీలకు బదులు అరచేతికి మించని పొట్టి నాడాలు. కుట్లు బయటి వైపు ఉండేలా తిరగేసి తొడిగితే మెడ ఒరుసుకోదు. నాలుగైదుకు మించి కుట్టకండి, నెలన్నరకే పొట్టివైపోతాయి.

ఉతకడం గురించి. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల నల్లటి జిగురు విరేచనం ఆరకముందే చల్లటి నీళ్ళ కింద పెట్టి రుద్దాలి. పాలు కక్కిన గుడ్డా అంతే. ముందే వేడినీళ్ళు పోస్తే మరక పట్టేస్తుంది. కుంకుడు రసం మెత్తగా ఉంటుంది కానీ తెల్లబట్ట మీద పసుపుచాయ దిగుతుంది, పైగా రోజూ చేయడం కష్టం. మామూలు సబ్బే వాడి, మూడు నీళ్ళు మార్చి జాడిస్తే సరి. మెత్తదనానికని వాడే కండిషనర్ ద్రావణాలు పోగుల మీద పొరలా పట్టి, గుడ్డ తడి పీల్చడం మానేస్తుంది. చివరి నీళ్ళలో డెట్టాల్ పోసి అలాగే ఆరేయడం ఇంకా తప్పు, ఆ మిగిలిందే ఒరుపు మీద మండుతుంది. ఎండ దొరికిన రోజు దండెం మీద ఒంటి పొరగా ఆరేయండి. వాన రోజుల్లో ఫ్యాను కింద ముప్పావు వంతు ఆరాక రెండు వైపులా ఇస్త్రీ చేయాలి. చేత్తో పట్టుకుంటే ఆరినట్టే అనిపించే చెమ్మ గుడ్డ తొడల సందున ఎర్రటి పొక్కులు తెస్తుంది.

ఆవాల దిండు సంగతికొస్తే, తల గుండ్రంగా వస్తుందని చేసేది అది. ఏడాది లోపు పిల్లలకు ఏ దిండూ వద్దని డాక్టర్లు చెప్పేది ఊపిరాడకపోతుందన్న భయంతో. కుట్టు విడితే ఆవాలు ముక్కులోకి, నోట్లోకి పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, మెలకువగా ఉన్నప్పుడు కళ్ళ ముందే కాసేపు బోర్లా వేస్తుంటే తల వెనక భాగం చదునుగా మారడం తగ్గుతుంది.

రబ్బరు షీటు మెడికల్ షాపులో మీటర్ల లెక్కన అమ్ముతారు, ఒక మీటరు చాలు. పరుపు మీద షీటు, దాని పైన బొంత, బొంత అంచులు పరుపు కిందకి దోపాలి. షీటును ఎండలో వేసినా మడిచి పెట్టినా పగులుతుంది. తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, చుట్టచుట్టి నిలబెడితే రెండో కాన్పుకీ వస్తుంది. బొంతలు, పొత్తిగుడ్డలు దాచేటప్పుడు పెట్టెలో ఎండిన వేపాకు వేయండి, బాగా ఎండిందే. పచ్చిది వేస్తే బట్ట మీద ఆకుపచ్చ మరకలు దిగుతాయి.