పదేళ్లు వాడాక మా ఫైబర్ తెప్ప గురించి

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను మా పాత కర్ర తెప్పను రాళ్లకేసి కొట్టేసింది. మరుసటి ఏడాది అప్పు చేసి ఫైబర్ తెప్ప చేయించాం. భీమిలి వైపు వేటలో పదేళ్లు దాటింది. కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

దుంగల తెప్ప నీళ్లు పీల్చేది. ఒడ్డుకు రాగానే విప్పి ఎండబెట్టకపోతే మర్నాడు లాగలేక నడుములు పోయేవి. ఫైబర్‌తో ఆ బాధ లేదు. ఉప్పునీళ్లకు కుళ్లదు, పురుగు పట్టదు. కానీ దాని ఆయుష్షంతా పడవ తయారుచేసే షెడ్డులోనే తేలిపోతుంది. అందుకే తయారీ మీ కళ్లతో చూడమంటాను.

నేను రెండు రోజులు దగ్గరుండి చూశాను. అచ్చు లోపలంతా మైనం పూసి మెరిసేదాకా తుడిచారు, లేకపోతే పడవ ఊడిరాదు. దాని మీద రంగు కలిపిన జెల్‌కోట్, సుమారు అర మిల్లీమీటరు మందం. మనకు బయట కనిపించే నున్నటి చర్మం అదే. ఆ తర్వాత గాజు నారతో చేసిన మ్యాట్, నేత గుడ్డలాంటి రోవింగ్, మళ్లీ మ్యాట్. ప్రతి పొరకూ రెజిన్, అంటే గడ్డకట్టి గట్టిపడే జిగురులాంటి ద్రవం. రెజిన్‌లో ముందు గట్టిపడటాన్ని తొందర చేసే కోబాల్ట్ ద్రావణం కలిపి బాగా తిప్పాకే దాన్ని గడ్డకట్టించే కెటలిస్ట్ పోయాలి, కెటలిస్ట్ నూటికి ఒకటి రెండు పాళ్లు. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుడే, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కలిపాక పావుగంట, ఇరవై నిమిషాల్లో గడ్డకట్టడం మొదలవుతుంది. ఎండాకాలం ఇంకా తొందర.

మ్యాట్ పొడిగా ఉన్నప్పుడు దూదిలా తెల్లగా ఉంటుంది. రెజిన్ ఇంకగానే ఆ తెలుపు పోయి, కింది పొర గాజులోంచి చూసినట్టు కనిపిస్తుంది. ఎక్కడ తెలుపు మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టు. గాడులున్న ఇనుప రోలర్‌తో ఓపిగ్గా దొర్లిస్తే బుడగలు అంచుకు వచ్చి పగులుతాయి. పడవకు ప్రాణం పోసేది ఆ రోలరే.

మూడో రోజు నేను వెళ్లలేదు. వెనక భాగం ఆ రోజే పరిచారు. మూడేళ్లకు అక్కడ గోరంత బొబ్బలు లేచాయి. రూపాయి బిళ్లతో కొడితే మిగతా చోట టక్కుమంటోంది, అక్కడ మాత్రం బోలుగా డబ్‌డబ్ అంటోంది. కోసి చూస్తే లోపల మ్యాట్ తడవకుండా తెల్లగానే ఉంది, దాని చుట్టూ ఉప్పునీరు. నాకు కన్నీళ్లొచ్చాయి. సముద్రంలో చేపల వేట నిషేధించే రోజుల్లో బాగు చేయించాం: చెడిందంతా గ్రైండర్‌తో తీసేసి, అంచులు వాలుగా చెక్కి, ఒక్కో పొర ముందుదానికంటే వెడల్పుగా పరిచారు. ఆ గాజు పొడి పడితే ఒళ్లంతా రెండు రోజులు దురద. మాస్క్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ అతుకు ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

ఇంజన్ బిగించే చోట లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాలకు రెజిన్ పూయకపోతే నీళ్లు దిగి అది కుళ్లుతుంది, మాది అలాగే పోయింది. ఫైబర్ కుళ్లదు కదా అని ధీమాగా ఉంటే కర్ర ముక్క దెబ్బ తీస్తుంది.

నాకు బాధగా అనిపించేది ఇంకొకటుంది. పాత కర్ర తెప్ప చివరికి పొయ్యిలోకైనా పనికొచ్చేది. పగిలిన ఫైబర్ పడవలు ఒడ్డునే పడి ఉంటున్నాయి, తగలబెడితే ఊపిరాడని నల్లటి పొగ.

ఇసుకలో ఈడ్చి ఈడ్చి మా తెప్ప అడుగున రోవింగ్ నేత బయటపడింది. ఏప్రిల్ 15న నిషేధం మొదలవగానే తిరగేసి అక్కడ రెండు పొరలు వేయిస్తాం. ఈసారి మూడు రోజులూ రోలర్ పక్కనే ఉంటాను.