పటమటలో మా ఇంటి సర్వర్, ఏడాది వాడాక
నేను రాసుకునేవి పెట్టుకుందామని రాస్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ కొని టీవీ వెనకాల పెట్టా, ఏడాదైంది. పేకముక్కల పెట్టెంత ఉంటుంది, కరెంటు ఎల్‌ఈడీ బల్బు తిన్నంతే, బిల్లు చూసి అమ్మ కూడా ఏమీ అనలేదు. కాకపోతే మే నెల బెజవాడ ఎండ తెలుసుగా, లోపలి చిప్పు వేడి 80 డిగ్రీలు దాటితే తనే స్పీడ్ తగ్గించేసుకుద్ది, చిన్న ఫ్యాన్ పెట్టాకే దారికొచ్చింది. అసలు తలనొప్పి కరెంటు పోవడం. ఓ రాత్రి గాలివానకి టప్పున పోయింది, పొద్దున చూస్తే మెమరీ కార్డు పాడై ఆరు నెలలు రాసిందంతా గోవిందా, బ్యాకప్ తీసుకోలేదు, తప్పు నాదేలే. ఇప్పుడు కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ పెట్టి, రౌటర్‌తో కలిపి యూపీఎస్‌కి తగిలించా. బయటివాళ్ళు నెట్‌లోంచి నేరుగా మా సర్వర్‌కి రావాలంటే పబ్లిక్ ఐపీ అనే అడ్రసు కావాలి, మా నెట్ వాడు అది ఇవ్వనన్నాడు, అందుకని తమ సర్వర్ల మీదుగా దారి ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ వాడుతున్నా, ఫ్రీనే. ఐదుకి నాలుగిస్తా, ఆ ఒక్కటీ పోయిన రాతలకి కోత.