బ్లెండర్సా, టీచర్సా, ఇంద్రీయా: గ్లాసు కింద స్టిక్కర్ పెట్టి తేల్చుకున్నాం

ఏ విస్కీ బాగుంటుందనేది మా గ్యాంగ్‌లో ఎప్పుడూ ఉండే పంచాయితీయే, మొన్న శనివారం మా డాబా మీద దాని సంగతేంటో చూద్దామని నాలుగు సీసాలు తెచ్చాం: రాయల్ స్టాగ్, బ్లెండర్స్ ప్రైడ్, టీచర్స్ హైలాండ్ క్రీమ్, ఇంద్రీ ట్రినీ. గ్లాసుల కింద స్టిక్కర్లు అంటించి నేనే పోశా, ఒక్కోటి నాలుగు చుక్కలంతే, ముందు నీట్‌గా, అంటే ఏమీ కలపకుండా, తర్వాత నీళ్లతో. బండి మీద ఎవడూ రావొద్దని ముందే చెప్పా, అందరూ క్యాబ్‌ల్లోనే దిగారు.

స్టాగ్‌ని అందరూ వాసనకే పట్టేశారు. నీట్‌గా తాగితే స్పిరిట్ ఘాటు ముక్కుకి కొట్టి ఆ తర్వాతే మిగతావి తెలుస్తాయి. కానీ సోడా, ఐసు వేసి పక్కన పల్లీల్లో ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి పెట్టుకుంటే దానికి వంక పెట్టక్కర్లేదు, పైగా ఏ ఊరి వైన్స్‌కి వెళ్లినా ఉంటుంది.

బ్లెండర్స్ దగ్గరే అసలు కామెడీ. మా బామ్మర్ది ఒక్క గుటక వేసి "బావా, ఇది పక్కా స్కాచ్" అన్నాడు, గ్లాసు ఎత్తి స్టిక్కర్ చూపిస్తే మొహం చూడాలి! వాడి తప్పు పూర్తిగా కాదులెండి, ధాన్యంతో తీసే మన గ్రెయిన్ స్పిరిట్‌లో స్కాచ్ మాల్ట్, అంటే మొలకెత్తిన బార్లీతో స్కాట్లాండ్‌లో చేసే విస్కీ, కలిపే దాన్ని తయారు చేస్తారు. కొంచెం తీపిగా, గొంతులో గీరకుండా దిగుతుంది. స్టాగ్ మీద ఇంకో మూడు నాలుగు వందలు పెట్టగలిగితే రోజువారీకి ఇదే నా ఓటు.

టీచర్స్‌కి పొగ వాసన ఉంటుంది, కట్టెల పొయ్యి మీద నీళ్లు చల్లితే వస్తుందే, అచ్చం అది. ఆర్డ్‌మోర్ అనే స్కాట్లాండ్ డిస్టిలరీ మాల్ట్ వల్ల వచ్చేది. ఇద్దరికి తెగ నచ్చింది, ఒకడు మాత్రం కాలిన వైరు వాసనరా బాబూ అని పక్కన పెట్టేశాడు. సరుకు స్కాట్లాండ్‌ది, సీసాలో నింపేది ఇక్కడ, అందుకే రెండు వేలు పైన పెడితే చేతికొస్తుంది. దీన్లో కోక్ పోసేవాళ్లకి చేతులెత్తి దండం, ఆ పొగ కోసమే కదా డబ్బులిచ్చింది.

ఇంద్రీ హర్యానాలో చేసే సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో చేసిన మాల్ట్ విస్కీ. బర్బన్ (అమెరికా విస్కీ) పీపా, ఫ్రెంచ్ వైన్ పీపా, షెర్రీ (స్పెయిన్ వైన్) పీపా, ఈ మూడింట్లో మాగబెడతారు, ఆల్కహాల్ 46 శాతం. మామూలుగా మన సీసాలు 42.8 కదా, అందుకే మొదటి గుటక నాలుక మీద చురుక్కుమంది. అర చెంచా నీళ్లు పోసి రెండు నిమిషాలు వదిలేశాక మూత తీసిన డబ్బాలోంచి వచ్చినట్టు ఎండుద్రాక్ష వాసన, వెనకాల బెల్లం పాకం. ఆ మాటతో ఎవరూ విభేదించలేదు. మన ఎండలకి పీపాలో సరుకు స్కాట్లాండ్ కంటే చాలా ఫాస్ట్‌గా ఆవిరైపోతుంది, పక్వానికీ అంతే ఫాస్ట్‌గా వస్తుంది, సీసా మీద ఇన్నేళ్లదని రాయకపోయినా బెంగ అక్కర్లేదు. రేటు మాత్రం మంట, దీని డబ్బులకి స్టాగ్ ఫుల్స్ ఎన్నొస్తాయో లెక్కేస్తే తాగబుద్ధి కాదు.

దొరకడమే అసలు తలనొప్పి. తెలంగాణలో రేట్లు ప్రభుత్వమే ఫిక్స్ చేస్తుంది కాబట్టి ఏ షాపైనా ఎమ్మార్పీ ఒకటే, తేడా అంతా స్టాకులోనే. మా గల్లీ షాపులో ఇంద్రీ అడిగితే "అది రాదన్నా, బ్లెండర్స్ తీస్కో" అన్నాడు, మూడో చోట, కాస్త పెద్ద షాపులో దొరికింది. అమృత్ ఫ్యూజన్ కూడా తెద్దామనుకున్నా, 50 శాతం, ఇంకా గట్టిది, ఆ రోజు ఎక్కడా లేదు. ఒంగోలు వైపు మా ఊళ్లో అయితే 2019 నుంచి ప్రభుత్వ షాపులున్నన్నాళ్లూ అడిగింది కాదు, ఉన్నదే తెచ్చుకునేవాళ్లం. 2024 అక్టోబర్లో ప్రైవేట్ షాపులొచ్చాక మామూలు బ్రాండ్లకి ఇబ్బంది తగ్గింది, సింగిల్ మాల్ట్ కావాలంటే మాత్రం హైదరాబాద్‌లోనే కొనుక్కోవడం నయం.

టీచర్స్ కొత్తగా ట్రై చేసేవాళ్లు ముందు క్వార్టర్ కొనండి, పొగ పడితేనే ఫుల్.